అన్నం పెట్టిన అమ్మ డొక్కా సీతమ్మ గారు

గత డిసెంబరులో మా బడిలో చలికి ఇబ్బంది పడేవాళ్ళ కోసం పాత స్వెటర్లు, దుప్పట్లు పోగుచేశారు. ఢిల్లీ చలి సంగతి మనకు వేరే చెప్పనక్కరలేదు. పొద్దున్నే బడికి బయలుదేరితే బేర్ సరాయ్ సందుల్లో ముందు నడిచే మనిషి కూడా మంచులో సరిగా కనిపించడు. నేను కూడా ఏదో ఒకటి ఇవ్వాలనుకుని నా నీలం రంగు చలికోటు మడిచి సంచిలో పెట్టాను. మనసులో చాలా గర్వంగా అనిపించింది.

అప్పుడు మా అమ్మమ్మ కోనసీమ నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఆమె సంచిలోంచి కోటు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. దాని జిప్పు పాడై ఏడాది దాటింది. ఈ కోటు నువ్వు వేసుకుంటావా అని అడిగింది. జిప్పు లేదు కదా, చలి ఆగదు, నేనెందుకు వేసుకుంటాను అన్నాను. అయితే ఇది తీసుకునే పిల్లవాడికి చలి ఎలా ఆగుతుంది అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను దానం చేస్తున్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే అలమార ఖాళీ చేసుకుంటున్నాను.

అమ్మమ్మ నన్ను తిట్టలేదు. ఆ రాత్రి రజాయి కప్పుకుని కూర్చుని, వాళ్ళ ప్రాంతంలో నూరేళ్ళ కిందట బతికిన ఒక అమ్మ కథ చెప్పింది. ఆమె పేరు డొక్కా సీతమ్మ. గోదావరి జిల్లాల్లో ఆమె పేరు తెలియని ఇల్లు ఉండదట. నేను ఆమె గురించి వినడం మాత్రం అదే మొదటిసారి. నాన్నగారి బదిలీల వల్ల నేను పుట్టింది ఒక రాష్ట్రంలో, అక్షరాలు దిద్దింది ఇంకో రాష్ట్రంలో. నాలాగే వినని వాళ్ళు మన బడిలో ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

సత్రం పేరున్న చోట

ముందు మేముండే చోటు గురించి ఒక మాట. హిందీలో బేర్ అంటే రేగుపండు. సరాయ్ అంటే సత్రం. పక్కనే జియా సరాయ్, కట్వారియా సరాయ్ ఉన్నాయి. కొంచెం దూరంలో లాడో సరాయ్ ఉంది. పూర్వం దూరప్రయాణాలు చేసేవాళ్ళు రాత్రి తలదాచుకోవడానికి, గుర్రాలకు, ఎడ్లకు నీళ్ళు పెట్టుకోవడానికి దారి పొడవునా సరాయ్‌లు ఉండేవి. షేర్షా సూరి తన కాలంలో పెద్ద రహదారుల వెంట ఇలాంటివి ఎన్నో కట్టించాడని మనం చరిత్ర పాఠంలో చదువుకున్నాం. ఇప్పుడు బేర్ సరాయ్‌లో ఉన్నవి పుస్తకాల దుకాణాలు, జిరాక్సు మిషన్లు, పోటీ పరీక్షలకు చదివే అన్నయ్యలు, అక్కయ్యలు అద్దెకుండే చిన్న చిన్న గదులు. ఒక విధంగా చూస్తే ఇది ఇప్పటికీ సత్రమే. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అందులో మేమూ ఉన్నాం.

మేము ఢిల్లీ వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. జూన్ నెల. సామాన్ల లారీ ఇంకా దారిలోనే ఉంది. గ్యాస్ కనెక్షన్ రాలేదు. ఖాళీ ఇంట్లో పాత పేపర్లు పరుచుకుని కూర్చున్నాం. రాత్రి ఎనిమిదింటికి కింది ఇంటి ఆంటీ రొట్టెలు, బంగాళాదుంప కూర, ఒక సీసా చల్లని నీళ్ళు తెచ్చి ఇచ్చారు. మా పేర్లు కూడా ఆమె అడిగింది మేము తిన్న తరువాతే. బదిలీల మీద తిరిగే మనలాంటి పిల్లలందరికీ ఇలాంటి మొదటి రోజు ఒకటి ఉంటుంది. పరాయి ఊళ్ళో ఆకలి వేసినప్పుడు ఎవరైనా తలుపు తట్టి అన్నం పెడితే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కరలేదు. అందుకే సీతమ్మ గారి కథ మనకు త్వరగా అర్థమవుతుంది.

బువ్వన్న గారి కూతురు

సీతమ్మ గారు 1841 అక్టోబరులో గోదావరి ప్రాంతంలోని మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు, తల్లి నరసమ్మ గారు. భవానీశంకరం గారికి ఊళ్ళో ఇంకో పేరు ఉండేది. ఇంటికి వచ్చిన వాళ్ళకు ఎప్పుడూ అన్నం పెట్టేవారు కాబట్టి ఆయనను అందరూ బువ్వన్న గారు అని పిలిచేవారు. చిన్నపిల్లలు అన్నాన్ని బువ్వ అంటారు కదా, ఆ మాటే ఆయన పేరైపోయింది.

సీతమ్మ గారు పుట్టడానికి ఎనిమిదేళ్ళ ముందు, 1833 ప్రాంతంలో తెలుగు జిల్లాలలో ఘోరమైన కరువు వచ్చింది. ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షకు పైగా జనం చనిపోయారు. ఆ ఏడాది పేరును బట్టి దాన్ని నందన కరువు అన్నారు. గోదావరి పక్కనే పారుతున్నా ఆ నీళ్ళు పొలాలకు ఎక్కేవి కావు. వానలు వస్తే వరద, రాకపోతే కరువు. తరువాత సర్ ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాడు. ఆ పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే సీతమ్మ గారికి ఆరేళ్ళ వయసులో మొదలై, పదకొండో ఏట ముగిసిందన్నమాట. కాలువల్లో నీళ్ళు పారి పొలాలు పచ్చబడటం ఆమె ఎదుగుతున్న రోజుల్లోనే జరిగింది. అయినా కరువు చూసిన పెద్దవాళ్ళు ఊరూరా ఉండే ఉంటారు. అన్నం విలువ తెలిసిన మనుషుల మధ్య ఆమె పెరిగారు.

చిన్నతనంలోనే తల్లి పోవడంతో ఇంటి పని, వచ్చిపోయే వాళ్ళకు వండి పెట్టే పని సీతమ్మ గారి మీద పడ్డాయి. ఆ కాలంలో ఆడపిల్లలను బడికి పంపే అలవాటు లేదు. ఆమెకు వంటిల్లే బడి అయింది. తండ్రి చేసేది చూస్తూ ఆమె పాఠం నేర్చుకున్నారు.

లంకల గన్నవరం

ఒకసారి లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు, మరికొందరు పండితులు ఎక్కడికో వెళ్ళి వస్తూ భోజనం వేళకు మండపేట చేరారట. బువ్వన్న గారి ఇంట ఆగారు. ఇంత మందికీ ఏ తడబాటూ లేకుండా మర్యాద చేసిన ఆ చిన్న అమ్మాయిని జోగన్న గారు చూశారు. తరువాత ఆ సంబంధమే కుదిరి, సీతమ్మ గారు లంకల గన్నవరం కోడలయ్యారని చెబుతారు. ఆ రోజుల్లో అందరిలాగే ఆమెకు కూడా చాలా చిన్న వయసులో పెళ్ళి అయింది.

లంక అనగానే మనకు రావణాసురుడు గుర్తొస్తాడు. గోదావరి వాళ్ళకు లంక అంటే నది పాయల మధ్య మేట వేసిన నేల. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ అని ఇంకో పాయ విడిపోతుంది. ఈ పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న కొబ్బరి తోటల నేలే కోనసీమ. లంకల గన్నవరం వైనతేయ ఒడ్డున ఉంది. కోనసీమలో ఎటు వెళ్ళాలన్నా ఏదో ఒక పాయ దాటాలి. అప్పట్లో బస్సులు లేవు, దారిలో హోటళ్ళు లేవు. జనం మైళ్ళకొద్దీ నడిచి రేవుకు వచ్చి పడవ కోసం ఎదురు చూసేవారు. గాలి ఎదురైనా, వరద వచ్చినా పడవ కదలదు. చంకలో పిల్లలు, తలమీద మూటలు, కట్టుకొచ్చిన చద్ది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అలాంటి వాళ్ళకు దారిలో తగిలే ఊళ్ళలో ఒకటి లంకల గన్నవరం. అక్కడ ఆకలేస్తే అడగవలసింది జోగన్న గారి ఇల్లు.

జోగన్న గారికి పొలం ఉంది, పాడి ఉంది. ఆయన వేదం చదువుకున్న రైతు. ఇల్లాలు చేస్తున్న పనికి ఆయన అడ్డు చెప్పలేదు, తోడుగా నిలిచారు.

పొయ్యి ఆరని ఇల్లు

సీతమ్మ గారు చేసింది ఒక్క మాటలో చెప్పవచ్చు. వచ్చిన వాళ్ళకు అన్నం పెట్టారు. ఒక పండగ నాడో, పుణ్యదినం నాడో కాదు, రోజూ పెట్టారు. ఏడాది, రెండేళ్ళు కాదు, బతికినంత కాలం పెట్టారు.

ఆ పని ఎంత కష్టమో మనకు సులువుగా తెలియదు. ఇప్పుడు కుక్కర్‌లో బియ్యం పోసి మీట తిప్పితే పదిహేను నిమిషాల్లో అన్నం ఉడుకుతుంది. అప్పుడు వడ్లు దంచితేగాని బియ్యం రావు. పప్పు తిరగలిలో విసరాలి. నీళ్ళు తోడి బిందెలతో మోసుకురావాలి. వానాకాలంలో తడిసిన కట్టెలు అంటుకోక ఇల్లంతా పొగ. విస్తరాకులు కుట్టాలి, వడ్డించాలి, ఎత్తాలి, నేల అలకాలి. అంతా అయ్యాక నడుం వాల్చే సమయానికి మళ్ళీ వీధిలో ఎవరో పిలుస్తారు. మళ్ళీ పొయ్యి రాజేయాలి. ఎన్ని గంటలకు వచ్చారు, ఇప్పుడా రావడం, రేపు రండి అనే మాటలు ఆ ఇంట్లో వినబడేవి కావట. ఆకలికి వేళ ఉండదు కాబట్టి ఆమె పొయ్యికీ వేళ పెట్టుకోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కాలంలో ఎవరి ఇంట ఎవరు తినవచ్చో, ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో కులమే నిర్ణయించేది. సీతమ్మ గారు పుట్టిందీ మెట్టిందీ ఆచారాలు గట్టిగా పాటించే ఇళ్ళలోనే. అలాంటి ఇంటి నుంచి కులం అడగకుండా, మతం అడగకుండా ఆకలి ఒక్కటే చూసి అన్నం పెట్టారని ఆమె పేరు ఊరూరా పాకింది. ఈ రోజు మనకు ఇది మామూలు విషయంలా అనిపించవచ్చు. ఆ రోజుల్లో దానికి చాలా ధైర్యం కావాలి.

ఇది విన్నప్పుడు నాకు బంగ్లా సాహిబ్ గురుద్వారా గుర్తొచ్చింది. ఢిల్లీకి వచ్చిన కొత్తలో నాన్న మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. లంగర్‌లో కారులో వచ్చినవాళ్ళు, కాలినడకన వచ్చినవాళ్ళు ఒకే వరుసలో నేల మీద కూర్చుంటారు. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకుంటారు. గురునానక్ గారి కాలం నుంచి వస్తున్న పద్ధతి అది. అక్కడ తిన్నప్పుడు ఎవరో నాకు జాలిపడి పెట్టినట్టు అనిపించలేదు. సీతమ్మ గారి ఇంట తిన్నవాళ్ళకు కూడా అలాగే అనిపించి ఉంటుంది.

అంతర్వేది దారిలో

సీతమ్మ గారి గురించి అందరూ చెప్పుకునే కథ ఒకటి ఉంది. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట అంతర్వేది అనే ఊరుంది. అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. కోనసీమ వాళ్ళకు అది పెద్ద క్షేత్రం. గన్నవరానికి అది మరీ దూరం కాదు. అయినా వంటిల్లు వదిలి వెళ్ళే వీలు లేక సీతమ్మ గారు ఏళ్ళ తరబడి ఆ స్వామిని చూడలేదట.

చివరికి ఒక రోజు ఎలాగో వీలు చేసుకుని పల్లకీలో బయలుదేరారు. కొంత దూరం వెళ్ళాక బోయీలు అలసట తీర్చుకోవడానికి ఒక చోట దించారు. అదే చోట ఎదురు దిశ నుంచి వస్తున్న ఒక గుంపు కూడా ఆగింది. అందులో చిన్నపిల్లలున్నారు. ఆకలికి ఏడుస్తున్నారు. ఇంకొంచెం ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారి ఇంట్లో అందరికీ అన్నం దొరుకుతుంది అని పెద్దవాళ్ళు పిల్లలను ఊరడిస్తున్నారు. ఆ మాటలు పల్లకీలో ఉన్న సీతమ్మ గారి చెవిన పడ్డాయి.

ఆమె ముందుకు వెళ్ళలేదు. పల్లకీని వెనక్కి తిప్పమన్నారు. వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. ఆ గుంపు వచ్చేసరికి విస్తళ్ళు వేసి ఉన్నాయి.

నేను అమ్మమ్మను అడిగాను, ఇంట్లో ఇంకెవరూ వండేవాళ్ళు లేరా, ఆమె గుడికి వెళ్ళి వస్తే ఏమయ్యేది అని. అమ్మమ్మ కాసేపు ఆలోచించింది. ఆ పిల్లలు ఆమె పేరు నమ్ముకుని నడుస్తున్నారు, తన పేరు మీద ఎవరో పెట్టుకున్న ఆశను ఆమె వదిలేసి వెళ్ళలేకపోయింది అని చెప్పింది. ఈ కథలో నాకు అన్నిటికంటే బాగా అర్థమైన మాట అదే. మనకు వీలైనప్పుడు ఇవ్వడం మంచిదే. ఎదుటివాళ్ళకు అవసరమైనప్పుడు ఇవ్వడం ఇంకా పెద్ద పని.

వరద రాత్రి

మరో కథ వరదల నాటిది. గోదావరికి వరద వస్తే లంకలు మునిగిపోతాయి. ఒకసారి అర్ధరాత్రి వేళ, లంకలో చిక్కుకుపోయిన ఒక మనిషి ఆకలితో కేకలు పెడుతున్నాడట. నది ఉరకలు వేస్తోంది. ఆ చీకట్లో పడవ వేయడానికి ఎవరికైనా భయమే. సీతమ్మ గారు లేచి వంట చేశారు. జోగన్న గారు ఆ అన్నం తీసుకుని పడవలో వెళ్ళి అతనికి పెట్టి వచ్చారని చెప్పుకుంటారు.

ఈ కథ విన్నాక నాకు జోగన్న గారి మీద కూడా గౌరవం పెరిగింది. అన్నదానం అంటే అందరూ సీతమ్మ గారి పేరే చెబుతారు. కాని ఒక ఇంటి నుంచి ఇంత అన్నం బయటికి వెళ్ళాలంటే ఇంట్లో అందరి మనసూ ఒకటిగా ఉండాలి. రాను రాను వాళ్ళ ఆస్తి కరిగిపోయిందని, ఇబ్బందులు వచ్చాయని కూడా చెబుతారు. అలా వచ్చినప్పుడు కూడా వాళ్ళు తలుపు మూయలేదు. ఇక్కడే నా చలికోటు మళ్ళీ గుర్తొచ్చింది. నేను ఇచ్చిన దానివల్ల నాకు ఏమీ తగ్గలేదు. వాళ్ళు ఇచ్చిన ప్రతి విస్తరికీ వాళ్ళ గాదెలో ఆ మేరకు ధాన్యం తగ్గింది.

ఢిల్లీ దర్బారు, ఒక ఫోటో

సీతమ్మ గారి కథలో మన ఢిల్లీ కూడా ఉంది. 1903 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. ఏడవ ఎడ్వర్డు ఇంగ్లండు రాజుగా, భారత చక్రవర్తిగా పట్టాభిషిక్తుడైన సందర్భంగా అప్పటి వైస్రాయి లార్డ్ కర్జన్ దాన్ని జరిపించాడు. ఉత్తర ఢిల్లీలో బురాడీ దగ్గర ఇప్పుడు కారొనేషన్ పార్కు ఉన్న చోట అది జరిగింది. బేర్ సరాయ్ నుంచి చూస్తే ఊరికి అది ఆ చివర. ఏనుగులు, రాజులు, నవాబులు, వజ్రాలు, వైడూర్యాలు అన్నీ అక్కడికి చేరాయి. చక్రవర్తి మాత్రం రాలేదు, తమ్ముణ్ణి పంపాడు.

పట్టాభిషేక వేడుకల సందర్భంలో, గోదావరి జిల్లాలో ఒక గృహిణి చేస్తున్న అన్నదానం గురించి ప్రభుత్వానికి తెలిసి, ఆమెను కూడా పిలిచారట. సీతమ్మ గారు రానన్నారు. తాను వెళ్ళిన రోజుల్లో వచ్చినవాళ్ళకు అన్నం ఎవరు పెడతారన్నది ఆమె సమస్య. అంతర్వేది స్వామి దగ్గరికే వెళ్ళలేని ఆమె చక్రవర్తి దగ్గరికి ఎలా వెళతారు? కనీసం ఆమె ఫోటో అయినా తెమ్మని అధికారులకు ఆజ్ఞ వచ్చింది. ఆమె దానికీ ఒప్పుకోలేదు. తాను పేరు కోసం ఈ పని చేయడం లేదని ఆమె భావన. అప్పుడు వచ్చిన అధికారి, ఫోటో లేకుండా తిరిగి వెళితే తన ఉద్యోగం పోతుందని బతిమాలుకున్నాడట. ఆ మాట విన్నాక ఆమె ఫోటోకు కూర్చున్నారు.

ఆ ఫోటోను పెద్దదిగా చేయించి, వేడుకలో కుర్చీ మీద ఉంచి చక్రవర్తి నమస్కరించాడని గోదావరి జిల్లాల్లో చెప్పుకుంటారు. పేదలకు ఆమె చేసిన సేవను గుర్తిస్తూ చక్రవర్తి పేరు మీద ఒక యోగ్యతాపత్రం కూడా అందిందని చెబుతారు. నాకు ఆ నమస్కారం కంటే, ఆ అధికారి సంగతి ఎక్కువ నచ్చింది. మన ఇళ్ళలో అందరూ ఉద్యోగస్తులే. పైనుంచి ఆజ్ఞ వస్తే ఎలా ఉంటుందో మనం చూస్తూనే ఉంటాం. ఆమె ఆ మనిషిని తెల్లదొరల మనిషిగా చూడలేదు. తన గుమ్మం ముందు అవసరంతో నిలబడిన ఇంకొక మనిషిగా చూశారు. తనకు ఇష్టం లేని ఫోటోను కూడా అతనికి ఒక పిడికెడు అన్నంలాగే ఇచ్చారు.

ఆమె తరువాత

సీతమ్మ గారు 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు అరవై ఏడేళ్ళు. అపర అన్నపూర్ణ అని, నిరతాన్నదాత్రి అని జనం ఆమెను పిలుచుకున్నారు. నిరతాన్నదాత్రి అంటే ఎల్లప్పుడూ అన్నం పెట్టే తల్లి అని అర్థం.

తెలుగు నేల మీద ఇలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. కర్నూలు ప్రాంతంలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు 1866 కరువులో తన ధాన్యం తీసి వేలమందికి గంజి పోయించారు. విక్టోరియా మహారాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన కరువు రోజుల్లో ప్రాణాలు నిలబెట్టారు. సీతమ్మ గారు కరువు లేని మామూలు రోజుల్లో కూడా ఆకలి ఉంటుందని చూడగలిగారు.

గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద ఒక అక్విడక్టు ఉంది. అంటే నది మీదుగా కాలువను దాటించే వంతెన. కింద నది పారుతుంది, పైన కాలువ పారుతుంది. కాటన్ కాలంలో కట్టిన పాతది ఒకటి ఉంది. దాని పక్కనే తరువాత కొత్తది కట్టి దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అవతలి పొలాలకు నీళ్ళు, అంటే అన్నం, ఆమె పేరు మీదుగా వెళుతోందన్నమాట. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. మా మామయ్య కూతురు అక్కడ ప్రభుత్వ బడిలో చదువుతోంది. రోజూ మధ్యాహ్నం బడిలో పెట్టే భోజనం ఎవరి పేరు మీద వస్తోందో దానికి తెలుసు. నాకు తెలియలేదు.

చలికోటు సంగతి

మరునాడు అమ్మమ్మ నేను కలిసి మా సందు చివర ఉన్న దర్జీ దగ్గరికి వెళ్ళాం. కొత్త జిప్పు వేయడానికి అతను అడిగిన డబ్బు నా డబ్బాలోంచే ఇచ్చాను. క్రికెట్ బంతి కోసం దాచుకున్న డబ్బు అది. అమ్మ కోటును ఉతికి ఇస్త్రీ చేసింది. ఊడిపోయిన ఒక గుండీ అమ్మమ్మ కుట్టింది. చివరికి అది నేనే మళ్ళీ వేసుకోవచ్చు అనిపించేలా తయారైంది. అప్పుడు దాన్ని ఇవ్వడానికి కాస్త బాధ కలిగింది. ఆ బాధ కలిగినప్పుడే నేను నిజంగా ఏదో ఇస్తున్నానని తెలిసింది. ఆ కోటు ఎవరి ఒంటి మీద ఉందో నాకు తెలియదు. జిప్పు మాత్రం మెడ దాకా వస్తుంది.

మార్చిలో మా ఎదురింటికి కొత్త కుటుంబం వచ్చింది. నాకు తెల్లవారితే లెక్కల పరీక్ష. అమ్మ అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి అలసిపోయి ఉంది. ఎదురింటి తలుపు తీసి ఉంది, లోపల ఖాళీ గదిలో పేపర్లు పరుచుకుని ఇద్దరు చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ లారీ ఇంకా రాలేదు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఏమీ అనకుండా మళ్ళీ పొయ్యి వెలిగించింది. నేను లెక్కల పుస్తకం మూసి ఉల్లిపాయలు తరిగాను. పప్పన్నం, ఆవకాయ, పెరుగు తీసుకెళ్ళి ఇచ్చి, వాళ్ళు తిన్నాక పేర్లు అడిగాం.

మిత్రులారా, మనం ఏ ఊళ్ళోనూ ఎక్కువ కాలం ఉండం. రెండు మూడేళ్ళకు ఒకసారి మన సామాను లారీ ఎక్కుతుంది. ప్రతిచోటా ముందు ఎవరో మనకు పెట్టిన అన్నం తింటాం. దాన్ని వాళ్ళకే తిరిగి ఇవ్వడం కుదరదు, అప్పటికి మనం ఇంకో ఊళ్ళో ఉంటాం. అక్కడ మన తరువాత వచ్చినవాళ్ళకు ఇవ్వవచ్చు. సీతమ్మ గారు ఒకే ఊళ్ళో కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ పెట్టారు. మనం దారిన పోతూనే పెట్టాలి.